పసుపు పోయిన కిటికీ

"తాతయ్యా, పాత రంగు సినిమాల్లో మొహాలన్నీ ఎర్రగా ఉంటాయెందుకు? చెట్లు కూడా పచ్చగా ఉండవు" అని అడిగింది మనవరాలు. చాలా మంచి ప్రశ్న అమ్మలూ. దీనికి జవాబు చెప్పాలంటే కొంత రసాయనశాస్త్రం కావాలి, కొంత నేరపరిశోధన కూడా కావాలి. హాలీవుడ్ వెళ్ళాలి, స్వీడన్ వెళ్ళాలి, తిరిగి మన బస్తర్‌కి రావాలి. నువ్వూ ఇలా వచ్చి కూర్చోరా చిన్నోడా. నీకిష్టమైన సస్పెన్స్ సినిమా ఒకటి ఇందులో ఉంది.

ముందు ఫిల్ము సంగతి. ఫిల్ము అంటే వెలుతురు దాటిపోయే ప్లాస్టిక్ పట్టీ. దాని మీద జెలటిన్ పూత. నలుపు తెలుపు ఫిల్ములో ఆ పూతలో మిగిలేది వెండి. నిజం వెండేరా, మీ నాయనమ్మ పట్టీల్లో ఉన్న వెండే. మామూలుగా చూస్తే కంటికి ఆననంత సన్నని రేణువులుగా ఉంటుంది. వెలుతురు తగిలిన చోట ఆ రేణువులు నల్లగా నిలుస్తాయి, తగలని చోట కడిగేటప్పుడు కొట్టుకుపోతాయి. బొమ్మంటే అంతే. వెండి అంత తేలిగ్గా మారిపోయే పదార్థం కాదు కాబట్టి, శుభ్రంగా కడిగి చల్లగా, పొడిగా దాచిన నలుపు తెలుపు బొమ్మ వందేళ్ళు దాటినా ఉంటుంది. ఆ వెండి వల్లే ఒక అనర్థమూ జరిగింది. ఆడటం అయిపోయిన రీళ్ళను వెండి తీసుకోవడం కోసం కరిగించేసిన రోజులున్నాయి మన దేశంలో. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', 1932లోది, ఇవాళ ఒక్క ప్రింటు కూడా లేదు.

రంగు ఫిల్ము కథ వేరు. అందులో ఒకదాని మీద ఒకటి మూడు పొరలుంటాయి. పైపొర నీలం వెలుతురును పట్టుకుంటుంది, నడిమిది ఆకుపచ్చను, అడుగుది ఎరుపును. ఫిల్మును కడిగేటప్పుడు వెండి తన పని చేసి వెళ్ళిపోతుంది. అది ఉన్న చోట అద్దకపు రంగులు మిగులుతాయి. పైపొరలో పసుపు, నడిమి పొరలో మెజెంటా, అడుగున సియాన్. ప్రతి రంగుకూ ఒక్కో ఉద్యోగం ఉంది. పసుపు నీలం వెలుతురును ఆపుతుంది. మెజెంటా ఆకుపచ్చను ఆపుతుంది. సియాన్ ఎరుపును ఆపుతుంది. ఈ ముగ్గురు కాపలాదారులూ సరిగ్గా ఉన్నంతకాలం తెర మీద లోకం లోకంలాగే కనిపిస్తుంది.

"మరి ఎరుపెందుకు?" అన్నాడు చిన్నోడు. అక్కడికే వస్తున్నా. పాత ప్రింట్లలో తొందరగా వెలిసిపోయేది సియాన్. అది పోతే ఎరుపును ఆపేవాడు లేడు. మొహం మీదా, చెట్టు మీదా, ఆకాశం మీదా ఎరుపు పొంగిపోతుంది. మెజెంటా మాత్రం మొండిగా నిలబడుతుంది. అందుకే ఆ గులాబీ ఎరుపు.

ఈ రంగులు అంత అల్పాయుష్షువి ఎందుకయ్యాయో కూడా చెప్తాను. మీ అమ్మ దగ్గర కోట్‌పాడ్ చీర ఉంది కదా, జయపురం దారిలో నేయించి తెచ్చుకున్నది. ఆల్ వేరుతో అద్దిన ముదురెరుపు అంచు. తెలుగులో తొగరు అంటాం ఆ చెట్టును. నూలును ఆముదంలో, బూడిదలో ఓపిగ్గా నానబెట్టి, ఆరబెట్టి అద్దుతారు కాబట్టి ఆ ఎరుపు పోగుకు పట్టుకుని చీర చిరిగేదాకా ఉంటుంది. సంతలో కొన్న చవక చొక్కా రంగు రెండు ఎండాకాలాలకే పాలిపోతుంది. 1950లో ఈస్ట్‌మన్‌కలర్ ఫిల్ము వచ్చినప్పుడు అందులో వాడిన రంగులు ఆ సంతచొక్కా జాతివే. అంతకుముందు టెక్నికలర్ వాళ్ళ కెమెరా మూడు ఫిల్ములను ఒకేసారి తిప్పే బ్రహ్మాండమైన పెట్టె. కొత్త ఫిల్ము మామూలు కెమెరాలో పట్టింది, ఖర్చు తగ్గింది, లోకమంతా రంగుల్లోకి మారింది. ఆ రంగులు ఇరవై ఏళ్ళకే వెలిసిపోతాయన్న సంగతి మీద అప్పట్లో ఎవరూ పెద్దగా దృష్టి పెట్టలేదు.

ఇక మన సస్పెన్స్ సినిమా. మా తరానికి తెలుగులో సస్పెన్స్ అనగానే 1967లో వచ్చిన 'అవే కళ్ళు' గుర్తొస్తుంది. కానీ ఇవాళ చెప్పేది ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1954లో తీసిన 'రియర్ విండో'. కాలు విరిగి చక్రాల కుర్చీలో ఉన్న ఫోటోగ్రాఫర్ ఒకడు, ఆ వేషం జేమ్స్ స్టువర్ట్‌ది, పొద్దుపోక వెనకవైపు కిటికీలోంచి ఎదుటి ఇళ్ళవాళ్ళను చూస్తుంటాడు. ఎదుటింటి మనిషి తన భార్యను చంపేశాడేమోనని అనుమానం వస్తుంది. లేచి వెళ్ళలేడు, చూడటం ఒక్కటే చేయగలడు. ఆ పెరడు, ఆ మేడలు, ఆ కిటికీలన్నీ స్టూడియోలో వేసిన ఒకే సెట్టు. ఏ కిటికీలో ఏ వేళకు ఎలాంటి వెలుతురు ఉందో, ఎవరి గోడ ఏ రంగో, ఆకాశం నారింజ నుంచి నీలానికి ఎప్పుడు తిరిగిందో, ఇవన్నీ కథలో భాగం. రంగు పోతే ఆ సినిమాలో సాక్ష్యమే పోయినట్టు.

ఆ రంగే పోయింది. ఈ సినిమా, ఇంకో నాలుగు హిచ్‌కాక్ సినిమాలు చాలా ఏళ్ళు ఎవరికీ చూడటానికి దొరకలేదు. 1980ల్లో తిరిగి థియేటర్లకు వచ్చాయి. అసలు నెగటివ్ చూస్తే 1960ల నుంచే రంగులు వెలిసిపోతూ వచ్చాయి. పసుపు రంగైతే దాదాపు అంతా పోయింది. 1990ల చివర్లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ అనే ఇద్దరు దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు, ఇక ఇది బాగుపడదేమోనన్న భయమే ఎక్కువ.

అమ్మలూ, ఇప్పుడు కాస్త జాగ్రత్తగా విను, ఇది నాకు చాలా ఇష్టమైన ముక్క. నెగటివ్‌లో అంతా తలకిందులు. తెర మీద వెలుగుగా కనిపించే చోట నెగటివ్‌లో రంగు చిక్కగా ఉంటుంది. చీకటి చోట నెగటివ్ దాదాపు ఖాళీ. పసుపు వెలిసిపోయిందనుకో. ఎక్కువ ఉన్నచోట ఎక్కువ పోతుంది, తక్కువ ఉన్నచోట తక్కువ పోతుంది. అంటే నష్టం అంతటా సమానంగా జరగదు. ఆ నెగటివ్ నుంచి ప్రింటు తీస్తే వెలుగుపడిన చెంపలు, తెల్ల చొక్కాలు పసుపుపచ్చగా తిరుగుతాయి. సరే, నీలం కాస్త పెంచుదాం అని ల్యాబులో సర్దితే మొహాలు దారికొస్తాయి, కానీ చీకట్లు నీలంగా మారిపోతాయి. చీకటిని నల్లగా చేస్తే మొహం తిరిగి పసుపెక్కుతుంది. ఏ మీటను ఎటు తిప్పినా రెండూ ఒకేసారి కుదరవు. నల్లకోటు నల్లగా లేని సస్పెన్స్ సినిమా ఎలా ఉంటుందో ఆలోచించండి. చీకట్లో హంతకుడు పొగ తాగుతుంటే ఆ నిప్పు ఒక్కటే కనపడే దృశ్యం ఉంది ఇందులో. ఆ చీకటి నీలంగా తేలిపోతే భయం ఎక్కడిది?

"అయితే పోయిన పసుపును ఎక్కడ్నుంచి తెస్తారు?" అంది మనవరాలు. సరిగ్గా పట్టుకున్నావు. రెండు దారులు. ఒకటి, మిగిలిన రంగుల మీద లెక్క కట్టడం. మెజెంటా, సియాన్ ఎంతున్నాయో చూసి, ఎంత పసుపు పోయిందో చోటుచోటుకూ అంచనా కట్టడం. రెండోది మరీ ముచ్చటైనది. పెద్ద స్టూడియోలు రంగు సినిమాలను దాచుకోవడానికి మూడు నలుపు తెలుపు రీళ్ళు తీసి పెట్టుకునేవి. ఒక్కోటీ ఒక్కో రంగు గాజు గుండా తీసినది. ఎరుపు ఎంతుందో ఒక రీలు చెబుతుంది, ఆకుపచ్చ ఎంతో ఒకటి, నీలం ఎంతో ఒకటి. వాటిల్లో రంగు అద్దకం ఏమీ లేదు, ఉన్నదంతా వెండే, కాబట్టి వెలిసిపోవు. రంగును కాపాడాలంటే దాన్ని నలుపు తెలుపులో రాసుకోవాలి! మనిషి బుర్రకు తట్టిన గొప్ప ఉపాయాల్లో ఇదొకటని నా నమ్మకం. అయితే ఏళ్ళు గడిచేసరికి మూడు రీళ్ళూ మూడు రకాలుగా కుంచించుకుపోతాయి. ఒకదాని మీద ఒకటి పెడితే అంచుల్లో ఎర్ర గీత, పచ్చ గీత తేలతాయి. ఇప్పుడు కంప్యూటరు ఆ మూడింటినీ సాగదీసి, వంచి, ఫ్రేము ఫ్రేముకూ కలుపుతుంది. 'రియర్ విండో' 112 నిమిషాలు. సెకనుకు 24 బొమ్మల చొప్పున 1,61,280 బొమ్మలు.

లెక్క కట్టినా చివరికి ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ ఆకుపచ్చ అసలు ఏ ఆకుపచ్చ? అక్కడే నేరపరిశోధన కావలసింది. ఈ ఇద్దరే అంతకుముందు 1996లో హిచ్‌కాక్ 'వెర్టిగో'ను బాగుచేశారు. ఆ సినిమాలో ఆకుపచ్చకు పెద్ద అర్థం ఉంది. నాయిక కారు ఆకుపచ్చ, ఆమె చుట్టూ వెలుతురు ఆకుపచ్చ. నెగటివ్ చెప్పే సాక్ష్యం నమ్మదగ్గది కాదు. అప్పుడు ఆ కారుకు వేసిన పెయింటు నమూనా కారు కంపెనీ వాళ్ళ దగ్గర చెక్కుచెదరకుండా దొరికింది. ఒక్క రంగు ఖాయమైతే దాన్ని పట్టుకుని పక్కనున్న వాటిని సరిచూసుకోవచ్చు. కథలో డిటెక్టివు చేసే పనే ల్యాబులో వీళ్ళూ చేశారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. మన 'మాయాబజార్'కి 2010లో హైదరాబాదులో రంగులు వేసి విడుదల చేశారు. జనం ఆనందంగా చూశారు, నేనూ చూశాను. శ్రద్ధగా చేసిన పని. కానీ అది పునరుద్ధరణ కాదు. మొదట లేనిదాన్ని చేర్చడం వేరు, ఉండి పోయినదాన్ని తెచ్చి పెట్టడం వేరు. పునరుద్ధరణ చేసేవాడికి తన ఇష్టంతో పనిలేదు. ఆ రోజు కెమెరా ముందు ఏముందో, తీసినవాడు తెర మీద ఏం చూపించాలనుకున్నాడో అదే అతనికి హద్దు.

రంగు తర్వాత దుమ్ము, గీతలు. ఫిల్మును స్కానరులో ఒక్కో బొమ్మగా తీస్తారు. 4కే అంటే అడ్డంగా 4096 చుక్కలు. నిలువు కూడా కలుపుకుంటే బొమ్మకు కోటికి పైగా చుక్కలు. దుమ్ము రేణువు ఒక్క బొమ్మ మీదే ఉంటుంది, ముందు బొమ్మలో ఉండదు, వెనక బొమ్మలో ఉండదు. కాబట్టి కంప్యూటరుకు చెప్పే సూత్రం చాలా సులువు. ఒక్క బొమ్మలోనే మెరిసి మాయమయ్యేది ఏదున్నా అది చెత్త. ముందు వెనకల నుంచి ముక్క తెచ్చి అక్కడ అతికించు.

"భలే ఉందే!" అన్నాడు చిన్నోడు. బాగానే ఉంది, కానీ మన చిత్రకోట్ జలపాతాన్ని వానాకాలంలో సినిమా తీశామనుకో. ఇంద్రావతి అంతెత్తు నుంచి పడుతుంటే ఎగిరే ప్రతి నీటిబొట్టూ ఒక బొమ్మలో ఉంటుంది, తర్వాత బొమ్మలో ఉండదు. కంప్యూటరు వాటన్నిటినీ దుమ్మనుకుని తుడిచేస్తుంది! వాన చినుకులు, నిప్పురవ్వలు, గాజు ముక్క మీద తళుకు, ఇవన్నీ ఇలాగే బలైపోతాయి. 'రియర్ విండో' చివర్లో కుర్చీలో ఉన్న మనిషికి ఆయుధం ఏమీ లేక కెమెరా ఫ్లాష్ బల్బులే వాడతాడు. హంతకుడు అడుగు వేసినప్పుడల్లా కళ్ళు చెదిరే వెలుతురు ఒక్క క్షణం. ఇలాంటి చోట మనిషి కూర్చుని బొమ్మ బొమ్మా కంటితో చూడాల్సిందే. యంత్రానికి వదిలేస్తే కథ పోతుంది.

ఫిల్ములో సన్నగా కదిలే చుక్కల్లాంటి నలుసు ఉంటుంది, గ్రెయిన్ అంటారు. కొందరు దాన్ని కూడా మురికనుకుని నునుపు చేస్తారు. అప్పుడు మొహాల మీద చర్మం మాయమై మైనం మిగులుతుంది. గ్రెయిన్ మురికి కాదర్రా. బొమ్మ తయారైందే దానితో. శబ్దం విషయంలోనూ ఇంతే. పాత శబ్దపు పట్టీలో సన్నటి బుస ఉంటుంది. దాన్ని పూర్తిగా చంపేస్తే పక్కింటి పియానో, దూరంగా పిల్లల కేకలు, గది గాలి కూడా చచ్చిపోతాయి. 'రియర్ విండో' బలమంతా ఆ దూరపు చప్పుళ్ళలోనే ఉంది. 'వెర్టిగో' బాగుచేసినప్పుడు అడుగుల చప్పుళ్ళు, తుపాకీ మోతలు కొత్తగా రికార్డు చేసి వేశారు. అది చాలామందికి నచ్చలేదు, నాకూ నచ్చలేదు. మిగతా పనికి మాత్రం చేతులెత్తి దండం పెడతాను.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. హిచ్‌కాక్ ఆ సినిమాలు తీస్తున్న రోజుల్లోనే మన బస్తర్‌లో ఒక రంగుల సినిమా తయారైంది, తెలుసా? తీసినాయన ఆర్నే సుక్స్‌డోర్ఫ్, స్వీడన్ దేశస్థుడు, అప్పటికే ఒక చిన్న సినిమాకు ఆస్కార్ అందుకున్నవాడు. మన నారాయణ్‌పూర్ దగ్గర గఢ్ బెంగాల్ అనే పల్లెలో మురియా గోండుల మధ్య ఉండి తీశాడు. స్వీడిష్‌లో పేరు 'ఎన్ యుంగెల్‌సాగా', 1957లో వచ్చింది. ఇంగ్లీషులో 'ది ఫ్లూట్ అండ్ ది యారో'. సంగీతం రవిశంకర్. 1958లో కాన్ ఉత్సవంలో పోటీకి వెళ్ళింది. అందులో కనిపించే చెంద్రూ అనే కుర్రవాడు పులిపిల్లతో కలిసి తిరిగేవాడు. సుక్స్‌డోర్ఫ్ భార్య ఆస్ట్రిడ్ ఆ ఇద్దరి ఫోటోలతో పుస్తకం వేసింది. దేశదేశాల పిల్లలు చదివారు. చెంద్రూ స్వీడన్ కూడా వెళ్ళొచ్చాడు. చివరికి తన పల్లెలోనే బతికి 2013లో కన్నుమూశాడు. ఆ సినిమాలోనూ ఊపిరి బిగబట్టించే దారం ఒకటుంది. పల్లెను భయపెడుతున్న చిరుతపులి. సస్పెన్స్‌కి హిచ్‌కాకే కావాలనేముంది?

ఆ సినిమా రంగులు ఎలా ఉండాలో ఎవరు చెప్పగలరు? నేను పదేపదే ఆలోచించే ప్రశ్న ఇదే. ఎక్కడో ఐరోపాలో చల్లటి గదిలో తెర ముందు కూర్చున్న సాంకేతికుడికి మన అడవి తెలియదు. మార్చి నెలలో మన కుసుం చెట్టు చూశారుగా, చిగురు రక్తమంత ఎర్రగా వస్తుంది. ఆకులన్నీ ఎర్రగా ఉన్న చెట్టును చూస్తే అతనేమనుకుంటాడు? పాపం, సియాన్ వెలిసిపోయి ప్రింటు ఎర్రబారింది అనుకుంటాడు. శ్రద్ధగా కూర్చుని దాన్ని పచ్చగా మార్చేస్తాడు! అతని తప్పు కాదది. అతని దగ్గర సాక్షి లేడు. 'వెర్టిగో'కి కారు పెయింటు దొరికినట్టు, మన అడవికి సాక్షి మన అడవే. సాల చెట్లు అక్కడే ఉన్నాయి, ఇప్పపువ్వు రంగు మారలేదు, ఆ ఎర్రమట్టి మారలేదు, ఆల్ వేరుతో అద్దిన బట్టలు ఇంకా నేస్తూనే ఉన్నారు. ఒక కుసుం చిగురు, ఒక దోసెడు మట్టి, ఆ చీర అంచు ముక్క పట్టుకెళ్ళి తెర పక్కన పెట్టి చూస్తే సగం తగువు తేలిపోతుంది.

మొహాల సంగతి ఇంకా పట్టించుకోవాల్సింది. ఆ రోజుల్లో విదేశీ ఫోటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ఒక తెల్లజాతి స్త్రీ ఫోటోను నమూనాగా పెట్టుకునేవారు. ఆమె చర్మం సరిగ్గా కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు లెక్క. చెంద్రూ మొహానికి ఆ కొలత పనికొస్తుందా? నల్లటి నిగనిగల్లో ఎన్ని ఛాయలుంటాయో గఢ్ బెంగాల్ వాళ్ళకు తెలుసు. ఇలాంటి సినిమాకు రంగులు దిద్దే గదిలో ఆ ఊరి మనిషి ఒకరు కూర్చుని ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో సంగతి. ఆ సినిమాను ఆగాస్కోప్ అనే పద్ధతిలో తీశారు. మన సినిమాస్కోప్ లాగే ఎత్తు కంటే వెడల్పు రెండింతలకు పైన. మా కాలపు టీవీ దాదాపు చదరం. అలాంటి వెడల్పు సినిమాను క్యాసెట్ మీదకు ఎక్కించేటప్పుడు తెరంతా నిండాలని రెండు పక్కలా కోసేసేవారు. లెక్క వేస్తే బొమ్మలో 40 శాతం పైనే పోతుంది. అడవి తీసుకో, మధ్యలో కుర్రవాడు మిగులుతాడు, పక్కన పొంచి ఉన్న మృగం పోతుంది. ఇక సస్పెన్స్ ఎక్కడ మిగిలింది?

"క్యాసెట్ అంటే మన బీరువాలో ఉన్నవేనా?" అంది మనవరాలు. అవే. అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్ కూడా అందులోనే ఉంది. దాని గురించి వింటే ఆశ్చర్యపోతారు. మన కిరండూల్ లైన్లో విశాఖ వెళ్ళేటప్పుడు ఎర్రటి రాయి నింపుకుని పోయే గూడ్సు బళ్ళు ఎదురవుతాయి కదా. బైలాడీలా కొండల ఇనుపరాయి అది, హెమటైట్. రెండు ఇనుము పరమాణువులకు మూడు ఆక్సిజన్ పరమాణువులు. వీడియో టేపు మీద గోధుమరంగు పూత ఉంటుంది చూడండి, అదీ రెండు ఇనుము, మూడు ఆక్సిజనే! కొలత ఒకటే, అమరిక వేరు. హెమటైట్‌లో ఇనుము పరమాణువుల అయస్కాంతాలు ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి దాదాపు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే స్వచ్ఛమైన హెమటైట్ అయస్కాంతానికి గట్టిగా అంటుకోదు. టేపులో వాడేది మాఘెమైట్ రకం. అందులో రద్దు పూర్తికాదు, కొంత బలం మిగులుతుంది. ఆ మిగిలిన బలంలోనే పెళ్ళి మంత్రాలూ, మీ నాయనమ్మ నవ్వూ రాసి ఉన్నాయి. టేపుకు వాడేదాన్ని ఫ్యాక్టరీల్లో రసాయనాలతో తయారుచేస్తారు. మన రాయిని నేరుగా పొడిచేసి పూయరు. అయినా చుట్టరికం చుట్టరికమే.

వీహెచ్ఎస్ టేపు వెడల్పు అర అంగుళం. లోపల ఏటవాలుగా ఉన్న డ్రమ్ము మన దేశపు పద్ధతిలో సెకనుకు 25 సార్లు తిరుగుతూ దాన్ని చదువుతుంది. అడ్డంగా అది పట్టే వివరం సుమారు 240 గీతలు. 4కే పక్కన పెట్టి చూడండి. పైగా సెకనుకు 24 బొమ్మల సినిమాను 25 చొప్పున తిప్పేవారు. 'రియర్ విండో' 112 నిమిషాలకు బదులు 108 లోపే అయిపోయేది, గొంతులన్నీ పిసరంత సన్నబడేవి. మా తరం ఆ సినిమాలన్నీ అలాగే చూసి, అవి అలాగే ఉంటాయనుకున్నాం.

మన వాతావరణం టేపుకు పగవాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా జగదల్‌పూర్‌లో గోడలే చెమరుస్తాయి. ఇనుము పొడిని ప్లాస్టిక్‌కు అంటించి ఉంచే జిగురు గాలిలో తేమను పీల్చి విడిపోతుంది, టేపు జిడ్డుగా తయారవుతుంది. చుట్ట మీద తెల్లటి బూజు పడుతుంది. ఫిల్ముదీ ఇదే గతి. అసిటేట్ ఫిల్ము తేమకూ వేడికీ విరిగి వెనిగర్ వాసన కొడుతుంది. ఆ పుట్టిన ఆమ్లమే ఇంకాస్త విరగడానికి తోడ్పడుతుంది. ఒకసారి మొదలైతే ఆగదు. పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి మార్పుల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని గుర్తుపెట్టుకోండి. అందుకే పెద్ద భాండాగారాలు రంగు ఫిల్మును సున్నా కంటే చల్లగా, పొడిగా దాస్తాయి.

మన ఇంట్లో అంత చలి ఎక్కడ తెస్తాం? చేయగలిగింది చేద్దాం. క్యాసెట్లను పూర్తిగా వెనక్కి తిప్పి, పుస్తకాల్లా నిలబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. టీవీ మీదా, స్పీకరు దగ్గరా పెట్టకూడదు, అందులో అయస్కాంతం ఉంటుంది. చిన్నోడా, బూజు పట్టిన క్యాసెట్‌ను మాత్రం ఎంత ఆత్రంగా ఉన్నా వీసీఆర్‌లో పెట్టకు. బూజు ఆ డ్రమ్ముకు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి టేపును కూడా గీకేస్తుంది. తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించి కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. ఆలస్యం చేయకూడదు. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన ఆఖరి కంపెనీ, జపాన్ ఫునాయ్, 2016లోనే ఆపేసింది. ఉన్న యంత్రాలు అరిగిపోతే టేపు బాగున్నా చదివేది లేదు.

సినిమాలకు మనం అంత శ్రమ పడనక్కర్లేదు, ఎవరో పడి పెట్టారు. సత్యజిత్ రాయ్ అపూ చిత్రాల నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబులో మంటల్లో చిక్కుకుంటే, ఆ మాడిన రీళ్ళను ఇటలీలోని బొలోన్యాలో మెత్తబరచి, చేత్తో అతికి, 2015కి డిస్కుల మీదకు తెచ్చారు. 'రియర్ విండో' 4కే డిస్కు 2020లో వచ్చింది. మీ నాన్న తెచ్చినది అదే.

అయితే డిస్కు పెట్టే ముందు టీవీని దారిలో పెట్టాలి. కొట్లో కొన్నప్పుడు కళ్ళు జిగేలనాలని రంగు, పదును అన్నీ పెంచి ఉంచుతారు. బొమ్మకూ బొమ్మకూ మధ్య లేని బొమ్మలను కల్పించి నునుపు చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. ల్యాబులో అన్నేళ్ళు కష్టపడి తెచ్చిన 24 బొమ్మల కదలికను అది సీరియల్ నడకగా మార్చేస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్ళు అమ్మలూ. పిక్చర్ మోడ్ దగ్గర ఫిల్మ్‌మేకర్ అని ఉంటే అది పెట్టు, లేకపోతే సినిమా అని పెట్టు. మోషన్ స్మూతింగ్ తీసెయ్. షార్ప్‌నెస్ బాగా కిందికి దించు. ఇక చిన్నోడా, వసారాలో లైటు ఆర్పి కిటికీ పరదా వెయ్యి. ఎదుటింట్లో పొగ తాగేవాడి నిప్పు వెలిగినప్పుడు దాని చుట్టూ ఉన్న చీకటి నల్లగా ఉందో, నీలంగా ఉందో మీరిద్దరూ నాకు చెప్పాలి.